మెహ్రాబు ఉన్న చర్చి

పోర్చుగల్ దేశంలో మెర్తోలా అని ఒక చిన్న ఊరుంది. ఆ ఊరి పెద్ద చర్చిలో, పూజావేదిక వెనక గోడలో, మెహ్రాబు ఉంది. మక్కా ఎటువైపో చూపించే ఆ గూడు ముందు ఎనిమిది వందల ఏళ్ళ కిందట ఇమాం నిలబడ్డాడు. ఇప్పుడు పాదిరి నిలబడతాడు.

ఆ ఊరితో మాకేం పని అని మీరు అడగొచ్చు. మేము అనంతపురం జిల్లా దూదేకులోళ్ళం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం. కాగితాల్లో బి.సి.-బి. మసీదులో ముస్లింలం. వీధిలో సాయిబులం. గొడవలొచ్చిన రోజున తురకోళ్ళం. మెర్తోలాను మేము కళ్ళారా చూడలేదు. పుస్తకాల్లో, తవ్వకాల పటాల్లో, ఫొటోల్లో చూశాం. అయినా ఆ ఊరి సంగతి చదువుతుంటే మా సంగతి చదువుతున్నట్టే అనిపించింది. "ఇక్కడి ముస్లింలు ఎక్కణ్ణించి వచ్చారు?" అన్న ప్రశ్న మమ్మల్ని పుట్టినప్పట్నించీ వెంటాడుతోంది. మెర్తోలాలో అదే ప్రశ్నను మనుషుల్ని అడక్కుండా నేలను అడిగారు. జవాబు కోసం పార పట్టుకున్నారు.

మమ్మల్ని అడిగేవాళ్ళు పార పట్టరు. వేలు చూపిస్తారు.

ముందు ఆ నేల ఎలాంటిదో చెప్పుకుందాం. పోర్చుగల్‌కు ఆగ్నేయ మూల, అలెంతేజు ప్రాంతం, బేజా జిల్లా. స్పెయిన్ సరిహద్దుకు దగ్గర. గుట్ట మీద కోట, కోట కింద తెల్లసున్నం కొట్టిన ఇళ్ళు, వాటి కింద గ్వాదియానా నది. పక్కనుంచి ఒయిరాస్ అనే వాగు వచ్చి కలుస్తుంది. సముద్రం అక్కడికి సుమారు 70 కిలోమీటర్లు. అయినా పోటు నీళ్ళు ఊరి దగ్గరిదాకా ఎగదన్నుతాయి. పడవలు అక్కడిదాకా వస్తాయి, అక్కణ్ణించి పైకి పోలేవు. ఎగువన పూలు దు లోబు దగ్గర నది రాతి ఇరుకులోంచి కిందికి దూకుతుంది. పడవ ఆగేచోట ఊరు పుడుతుంది. మెర్తోలా అలా పుట్టిన రేవు. చుట్టూ ఉన్న నేల మాత్రం మా నేల లాంటిదే. మట్టి పలచన, కింద పలకరాయి. ఏడాదికి సుమారు ఐదు వందల మిల్లీమీటర్ల వాన. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటుతుంది. గొర్రెలు, గోధుమ, తేనె. కరువంటే ఏమిటో ఆ ఊరివాళ్ళకు మేము చెప్పనక్కర్లేదు.

ఆ నది పేరులోనే ఒక చరిత్ర దాగి ఉంది. రోమన్లు దాన్ని 'అనా' అన్నారు. తర్వాత అరబ్బీ మాట్లాడినవాళ్ళు వచ్చి, పాత పేరు తీసెయ్యకుండా, దాని ముందు నది అనే అర్థమిచ్చే 'వాదీ' చేర్చారు. వాదీ ఆనా. అదే గ్వాదియానా అయింది. ఇప్పుడు పోర్చుగీసువాళ్ళు దాని ముందు మళ్ళీ తమ భాషలో 'రియు' అంటారు, అంటే నదే. నది నది అనా! ముగ్గురూ తమ పేరు పెట్టుకున్నారు గానీ ముందువాడి పేరు చెరపలేదు. పేరు మార్పిడి బోర్డుల కాలంలో బతుకుతున్న మాకు ఇది చిన్న సంగతిగా కనపడలేదు.

పోర్చుగల్‌లో పాలనకు అన్నిటికన్నా కింది మెట్టును ఫ్రెగెజియా అంటారు. మన గ్రామపంచాయతీ లాంటిదనుకోండి. ఎన్నికలుంటాయి, సభ ఉంటుంది. మెర్తోలా తాలూకాలో 2013కు ముందు అలాంటివి తొమ్మిది ఉండేవి. కొన్నిటిని కలిపేశాక ఏడయ్యాయి. మెర్తోలా ఊరు వాటిలో ఒకటి. 2011 జనాభా లెక్కల్లో తాలూకా మొత్తానికి ఏడు వేల చిల్లర మంది తేలారు. మా దగ్గర ఒక పెద్ద పల్లెకు ఆ మాత్రం జనం ఉంటారు. ఫ్రెగెజియా అన్న మాటకు మూలం లాటిన్. 'చర్చి బిడ్డలు' అని అర్థం. ఊరంటేనే చర్చి బిడ్డలు. మరి చర్చి బిడ్డలు కానివాళ్ళ సంగతేమిటి? మెర్తోలా చరిత్రంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. మాదీ అంతే. ఊరంటే గుడి, గుడి అంటే ఊరు అనేచోట మసీదు పక్కన పుట్టినవాళ్ళు ఎవరి బిడ్డలు?

రోమన్ల కాలంలో ఆ ఊరి పేరు మిర్తిలిస్. రాగి, వెండి, ధాన్యం నది మీదుగా సముద్రానికి పోయేవి. సముద్రం మీంచి సరుకుతోపాటు మతాలూ వచ్చాయి. ఊరి బయట కార్మో మైదానంలో ఒక పాత క్రైస్తవ ప్రార్థనాలయం పునాదులు దొరికాయి. అందులో సమాధి రాళ్ళు. కొన్నిటి మీద లాటిన్, కొన్నిటి మీద గ్రీకు. 525లో చనిపోయిన ఆంద్రెయాస్ అనే ఆయన రాయి ఒకటుంది. ఆయన మెర్తోలా చర్చిలో పాటగాళ్ళకు పెద్ద. ఆ రాళ్ళ మీద, అదే మైదానంలో, తర్వాతి కాలపు ముస్లిం సమాధులు దొరికాయి. కుడిపక్కకు ఒరిగించి, ముఖం మక్కా వైపు తిప్పి పడుకోబెట్టిన మనుషులు. అదే నేల, అదే శ్మశానం. మారింది పడుకోబెట్టే తీరు.

711లో ముస్లిం సేనలు జిబ్రాల్టర్ దాటి వచ్చాయి. కొద్ది ఏళ్ళలోనే ఆ ప్రాంతమంతా వాళ్ళ చేతికొచ్చింది. ఇది అందరూ చెప్పే చరిత్ర. కత్తి పట్టుకుని గుర్రమెక్కి వచ్చినవాళ్ళ చరిత్ర. అయితే వచ్చిన సైన్యం ఎంత, తర్వాత ఐదు వందల ఏళ్ళు ఆ నేల మీద ముస్లింలుగా బతికినవాళ్ళు ఎందరు అని లెక్క వేసుకుంటే సంగతి తెలిసిపోతుంది. వాళ్ళలో ఎక్కువమంది అక్కడివాళ్ళే. నిన్నటి క్రైస్తవులు, అంతకుముందు రోమన్ దేవుళ్ళను కొలిచినవాళ్ళు, మతం మార్చుకున్నారు. కొందరు నమ్మి మారారు. కొందరు పన్ను తప్పించుకోడానికి మారారు. కొందరు రేవులో వ్యాపారం చేసేవాళ్ళతో కలిసి మెలిసి మారారు. అలా మారినవాళ్ళను, వాళ్ళ సంతానాన్ని, ముహల్లద్‌లనీ మువల్లద్‌లనీ ఇక్కడివాళ్ళకు నోరు తిరిగినట్టు అనుకోవచ్చు. అసలు మాట మువల్లద్. అరబ్బు వంశాలవాళ్ళు వాళ్ళను తమతో సమానంగా చూడలేదు. నమాజు ఒకటే, వరస ఒకటి కాదు. ఆ చిన్నచూపు మీద తొమ్మిదో శతాబ్దంలోనే తిరుగుబాట్లు జరిగాయి.

మువల్లద్ అన్న మాట చదివిన రోజున మాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మేము మువల్లద్‌లమే కదా. దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి పరుపులు, బొంతలు కుట్టి బతికినవాళ్ళం. మా ఇళ్ళల్లో హుస్సేనప్పలు, దస్తగిరమ్మలు, మస్తానమ్మలు. అరబ్బీ పేరుకు తెలుగు తోక. హిందువులకు మేము తురకోళ్ళం. ఉర్దూ మాట్లాడే ముస్లింలకు మేము తెలుగోళ్ళం, సగం ముస్లింలం. పెళ్ళి సంబంధం దగ్గర మా ఉర్దూ చాలదు. అద్దె ఇంటి దగ్గర మా తెలుగు చాలదు. మా జేజి నమాజు చేసేది, గూగూడు కుళ్ళాయిస్వామికి మొక్కుకునేది, రెండింటికీ మధ్య గీత ఎక్కడుందో ఆమెకెవరూ చూపించలేదు. తర్వాత చాలామంది చూపించడానికి వచ్చారు. రెండు వైపుల నుంచీ వచ్చారు.

మెర్తోలాకు చరిత్రలో అందరికన్నా ఎక్కువ పేరు తెచ్చినవాడు కూడా ఒక మువల్లదే. ఇబ్న్ ఖసీ. సిల్వెస్ ప్రాంతపు మనిషి, క్రైస్తవులనుంచి మారిన కుటుంబం. ఆస్తి వదిలేసి సూఫీ అయ్యాడు. ముర్షిద్ అయ్యాడు. ఆయన మురీదులు 1144లో మెర్తోలా కోట పట్టుకున్నారు. అప్పటి ఏలికలు అల్‌మొరావిదులు. వాళ్ళ పన్నుల మీద, వాళ్ళ ఫఖీహుల పెత్తనం మీద ఆ తిరుగుబాటు. కొన్నాళ్ళు మెర్తోలా స్వతంత్ర రాజ్యం. ఆయన రాసిన గ్రంథం 'ఖల్అల్ నఅలైన్'. చెప్పులు విడవడం అని అర్థం. పవిత్ర నేల మీద మూసా ప్రవక్త చెప్పులు విడిచిన సంగతి అందులో సూచన. తర్వాత మహా సూఫీ ఇబ్న్ అరబీ దానికి వ్యాఖ్యానం రాశాడు. ఇబ్న్ ఖసీ చివరికి పోర్చుగల్ మొదటి రాజు అఫోన్సు హెన్రిక్స్‌తో చెయ్యి కలిపాడు. అది సహించని సిల్వెస్ జనం 1151లో ఆయన్ను చంపేశారు. క్రైస్తవ రాజుతో స్నేహం చేసినందుకు ముస్లింల చేతిలో చచ్చిపోయిన సూఫీ. మతాలు రెండు గడ్డల్లా విడివిడిగా నిలబడి యుద్ధం చేసుకున్నాయని చెప్పేవాళ్ళకు ఈ మనిషి ఎక్కడా ఇమడడు. ఇప్పుడు మెర్తోలా కోట దగ్గర గుర్రం మీద ఆయన విగ్రహం ఉంది. చర్చి బిడ్డల ఊళ్ళో ఒక ముస్లిం విగ్రహం.

ఆ పన్నెండో శతాబ్దపు రెండో సగంలో, అల్‌మొహాదుల ఏలుబడిలో, మెర్తోలా మసీదు కట్టారు. 1238లో సాంతియాగో పేరుగల క్రైస్తవ వీరుల సంఘం ఊరు పట్టుకుంది. మసీదు కూలగొట్టలేదు, చర్చి చేసుకున్నారు. 1510 ప్రాంతంలో రాజు పంపితే దేశపు సరిహద్దు కోటలన్నీ తిరిగి బొమ్మలు గీసిన దువార్తె ద అర్మాస్ ఈ ఊరి బొమ్మ కూడా గీశాడు. అందులో ఆ చర్చి ఇంకా మసీదు ఆకారంలోనే కనిపిస్తుంది. మీనారు గంటల గోపురమైంది, అంతే తేడా. తర్వాత పదహారో శతాబ్దంలో పైకప్పు మార్చి రాతి కమానులు వేశారు. మెహ్రాబు గారకింద పోయింది. అయినా స్తంభాల వరసలు, గుర్రపు నాడా ఆకారపు తలుపులు నాలుగు మిగిలాయి. 1910లో దాన్ని జాతీయ కట్టడంగా ప్రకటించారు. ఇరవయ్యో శతాబ్దపు మరమ్మతుల్లో గార ఊడదీస్తే మెహ్రాబు బయటపడింది. దాన్ని మళ్ళీ పూడ్చలేదు. అక్కడే ఉంచారు. వేదిక అక్కడే ఉంది, సిలువ అక్కడే ఉంది, గూడు అక్కడే ఉంది.

దీన్నిబట్టి ఆ కాలపు క్రైస్తవులు మంచివాళ్ళని మేము అనడం లేదు. గెలిచినవాడు ఓడినవాడి ఇంట్లో కాపురం పెట్టడం ఔదార్యమేమీ కాదు. 1496 డిసెంబరులో మనుయెల్ రాజు యూదుల్నీ ముస్లింల్నీ దేశం విడిచిపొమ్మని ఆజ్ఞ వేశాడు. యూదుల్లో చాలామందికి బలవంతంగా బాప్తిస్మాలిచ్చారు. ముస్లింలు వెళ్ళిపోయారు. అంతటితో మెహ్రాబు ఉంది, దానిముందు నిలబడేవాళ్ళు లేరు.

వెళ్ళిపొమ్మన్న గడువు 1497లో ముగిసింది. వాస్కో డ గామా లిస్బన్‌లో ఓడ ఎక్కింది ఆ 1497లోనే. ఇంట్లో ముస్లింలు లేకుండా చేసుకుని, సముద్రం మీద వాళ్ళ వ్యాపారం లాక్కోడానికి బయల్దేరారు. 1498లో కాలికట్ దగ్గర గామా ఒడ్డుకు పంపిన మనిషిని మొదట పలకరించింది ఎవరో తెలుసా? కాస్తీలియన్ భాష తెలిసిన ఇద్దరు ట్యునిస్ ముస్లింలు. ఇంటినుంచి వెళ్ళగొట్టిన భాషే ఇంకో ఒడ్డున ఎదురొచ్చింది. 1502లో రెండోసారి వచ్చినప్పుడు అదే గామా మక్కానుంచి తిరిగొస్తున్న హాజీల ఓడను మలబారు తీరంలో పట్టుకుని, ఆడవాళ్ళతో పిల్లలతో సహా తగలబెట్టించాడు. ఇది కూడా మెర్తోలా కథలో భాగమే. చిన్న ఊరి గోడలో పూడ్చిన గూడుకీ, మన సముద్రంలో కాలిన ఓడకీ సంబంధం ఉంది.

మాటలకు మాత్రం వెళ్ళగొట్టడం తెలియదు. పోర్చుగీసులో నూనె 'అజైత్', అరబ్బీ అజ్జైత్ నుంచి. దర్జీ 'అల్ఫయాత్', అల్‌ఖయ్యాత్ నుంచి. నీళ్ళు తోడే చక్రం 'నోర', నాఊరా నుంచి. మెర్తోలా పక్క పంచాయతీ పేరు అల్కరియా రుయివా. అల్కరియా అంటే అరబ్బీలో పల్లె. 'ఓషలా' అంటే అలా జరుగుగాక అని. చర్చికి పోయే ముసలమ్మ కూడా ఓషలా అంటుంది. అందులో ఉన్నది అల్లా పేరే. ఆ పోర్చుగీసు ఓడలే మనకు అల్మారా తెచ్చాయి, ఇస్త్రీ, మేస్త్రీ, పీపా, అనాస తెచ్చాయి. ఈ వ్యాసం మొదట్లో మేము రాసిన పాదిరి కూడా వాళ్ళదే. అల్మారా విదేశీ మాట అని ఎవరూ ఇంట్లోంచి తీసి బయట పారెయ్యరు. మరి మన తెలుగులో ఉన్న జిల్లా, తారీఖు, జవాబు, వకీలు? రైతు? అన్నీ అరబ్బీలో పుట్టి మన ఊళ్ళల్లో కాపురమున్న మాటలే. అసలు అనే మాట అరబ్బీ. హక్కు అనే మాట అరబ్బీ. "అసలు మీకేం హక్కుంది?" అని మమ్మల్ని నిలదీసేవాళ్ళు ఆ రెండు మాటలూ ఎక్కడివో ఒక్కసారి ఆలోచించుకుంటే బాగుంటుంది.

ఇక తవ్వకాల సంగతి. 1974 ఏప్రిల్ 25న పోర్చుగల్‌లో నియంతృత్వం కూలింది. ఆ నియంతృత్వం పిల్లలకు నేర్పిన చరిత్ర ఇలా ఉండేది: మూర్లు పరాయివాళ్ళు, వచ్చారు, మనం తరిమేశాం, దేశం పుట్టింది. 1978లో క్లౌదియు తోరెస్ అనే చరిత్రకారుడు మెర్తోలా చేరాడు. సలజార్ కాలంలో దేశం విడిచి రుమేనియాలో తలదాచుకున్న మనిషి. అక్కడే మెర్తోలా పురావస్తు కేంద్రం మొదలైంది. కోట పక్కన అల్కాసవ అనే చోట తవ్వారు. పైపొరలో క్రైస్తవ సమాధులు. వాటికింద పన్నెండో శతాబ్దపు ముస్లిం ఇళ్ళు, మధ్యలో వాకిలి, వాకిలి చుట్టూ గదులు, వంటిల్లు, నీళ్ళు పోయే తూము. వాటికింద పాత క్రైస్తవుల బాప్తిస్మపు తొట్టి, రంగురాళ్ళ నేల. దానికింద రోమన్ల కట్టడం. ఒకరి గోడ మీద ఒకరి గోడ.

తోరెస్, ఆయన తోటివాళ్ళు చెప్పిన మాట ఇది. ఇస్లాం ఇక్కడికి ఎక్కువగా వ్యాపారం దారిలో, మధ్యధరా సముద్రపు రేవుల మధ్య రాకపోకల దారిలో వచ్చింది. జనం మారలేదు, జనం మతం మారింది. మళ్ళీ 1238 తర్వాత కూడా అంతే. కాబట్టి మూర్లంటే ఎక్కణ్ణించో ఊడిపడినవాళ్ళు కారు, ఈ ఊరివాళ్ళ ముత్తాతలే. దండయాత్ర పాత్రను మరీ తగ్గించాడని తోరెస్‌తో వాదించిన పండితులున్నారు. వాదించుకోనివ్వండి. మాకు పట్టింపయింది ఒక్కటే. తవ్విన కొద్దీ కింద ఇంకొకరు దొరికితే, ఆ ఊరివాళ్ళు పైనున్నదాన్ని పగలగొట్టలేదు. రోమన్ నేల కోసం ముస్లిం ఇల్లు పీకలేదు. ముస్లిం ఇంటి కోసం చర్చి పీకలేదు. పొరలన్నీ మావే అన్నారు.

మా దేశంలో తవ్వకం ఎలా జరిగిందో మీకు తెలుసు. ముందు 1992 డిసెంబరు 6న పైనున్నది కూలగొట్టారు. తర్వాత 2003లో కోర్టు ఆజ్ఞతో కింద ఏముందో తవ్వి చూశారు. 2019 నవంబరు 9న సుప్రీంకోర్టు, ఆ కూల్చివేత చట్టాన్ని ఘోరంగా ఉల్లంఘించడమేనని చెప్పింది, ఆ స్థలాన్ని గుడికే ఇచ్చింది. 2024 జనవరి 22న అక్కడ ప్రాణప్రతిష్ఠ జరిగింది. ఆ తర్వాత ఇంకెన్ని మసీదుల కింద ఏముందో చూడాలని ఎన్ని కోర్టుల్లో అర్జీలు పడ్డాయో చూస్తూనే ఉన్నాం. పార ఒకటే. మెర్తోలాలో అది ప్రశ్న అడిగింది. ఇక్కడ అది తీర్పు చెప్పాక తవ్వింది.

మెర్తోలాను పొగడడం ఇక్కడితో ఆపితే అబద్ధమవుతుంది. ఆ ఊరు తన పొరల్ని ఎందుకు కాపాడుకుందో కూడా చెప్పాలి. ఆకలి. 1929లో మొదలైన గోధుమ ఉద్యమం ఆ పలచటి మట్టిని కొండవాలు దాకా దున్నించి కొట్టుకుపోయేలా చేసింది. దగ్గర్లోని సావ్ దొమింగుష్ గనిని ఒక బ్రిటిష్ కంపెనీ వందేళ్ళకు పైగా తవ్వింది. 1966లో మూసేసింది. ఎర్రటి ఆమ్లపు నీళ్ళు మిగిలాయి. పడుచువాళ్ళు లిస్బన్ శివార్లకు, ఫ్రాన్సుకు వలసపోయారు. మా కదిరి, మా రాయచోటి కువైట్‌కు పోయినట్టే. మిగిలిన ఊరికి పాత రాళ్ళే పంటయ్యాయి. ఊరంతా మ్యూజియం అయింది. ఇక్కడొక గది, అక్కడొక గది. 2001లో ఇస్లామీయ కళల మ్యూజియం తెరిచారు. రంగురంగుల మెరుగు పూసిన మట్టిపాత్రలున్నాయి అందులో. గొర్రెబొచ్చు దుప్పట్లు నేసే పాత మగ్గాలు బతికించారు. ఆ దుప్పట్ల మీది గీతలు ఉత్తర ఆఫ్రికా బెర్బెర్ ఆడవాళ్ళ నేతలో కనిపించే గీతల్లాగే ఉంటాయట. ఈ సంగతి చదివి మేము కాసేపు ఆగిపోయాం. మా విల్లు ఎక్కడుంది? యంత్రం వచ్చాక అటక ఎక్కింది. అటక మీంచి పొయ్యిలోకి పోయింది. దాన్ని ఏ మ్యూజియమూ అడగలేదు.

ఆ 2001 నుంచే మెర్తోలాలో రెండేళ్ళకోసారి, మే నెలలో, ఇస్లామీయ ఉత్సవం జరుగుతోంది. ఇరుకు సందుల మీద గుడ్డలు కట్టి సంత పెడతారు. మొరాకోనుంచి వ్యాపారులొస్తారు. తోలు, దీపాలు, పుదీనా టీ, సుగంధ ద్రవ్యాలు, పాటలు. కొద్ది వేలమంది ఉన్న తాలూకాకు వేలకు వేలు జనం వస్తారు. చర్చి బిడ్డ అనే అర్థమున్న 'ఫ్రెగెష్' మాటకు పోర్చుగీసులో గిరాకీ అని కూడా అర్థం ఉంది. చర్చి బిడ్డలు గిరాకీలయ్యారు. దాంట్లో తప్పేమీ లేదు, కడుపు నిండాలి. ఆ నాలుగు రోజులు అక్కడ ఇస్లాం అంటే భయం లేదు. అదొక్కటీ మాకు అపురూపమే.

కానీ ఉత్సవం అయిపోయాక?

అదే బేజా జిల్లాలో, సముద్రం వైపు, ఒదెమీరా తాలూకా ఉంది. ప్లాస్టిక్ కప్పుల కింద బెర్రీ పళ్ళ తోటలు. వాటిలో కూలికి నేపాలీలు, భారతీయులు, బంగ్లాదేశీలు, పాకిస్తానీలు వస్తారు. 2021లో కోవిడ్ వచ్చినప్పుడు వాళ్ళు ఒక్కో గదిలో ఎంతమంది కుక్కి బతుకుతున్నారో దేశమంతా చూసింది. వాళ్ళలో రోజుకు ఐదుసార్లు మక్కా వైపు తిరిగేవాళ్ళున్నారు. వాళ్ళకు ఆ మెహ్రాబు పనికిరాదు, ప్లాస్టిక్ కింద ఒక చాప చాలు. వాళ్ళ పండుగకు టికెట్లూ, టీవీలూ ఉండవు. 2025 మే ఎన్నికల్లో వలసవాళ్ళమీద విషం కక్కే షేగ పార్టీ బేజా జిల్లాలో మొదటి స్థానానికొచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో దాని నాయకుడు ఆంద్రె వెంతూర, ఇది బంగ్లాదేశ్ కాదు అని పోస్టర్లు వేయించాడు. ఆ పోస్టర్ చదవడానికి మాకు పోర్చుగీసు రానక్కర్లేదు. పాకిస్తాన్ పొమ్మన్న మాట మాకు తెలుగులోనే వచ్చు.

ఎనిమిది వందల ఏళ్ళ కిందటి ముస్లిం ముద్దు, నిన్న బస్సు దిగిన ముస్లిం చేదు. చనిపోయిన ఇబ్న్ ఖసీకి గుర్రం, బతికున్న కూలీకి గది లేదు. మెర్తోలా ఒక్క ఊరి తప్పు ఇది అనడం లేదు. ఆ ఊరు చేసింది చాలా ఊళ్ళు చెయ్యలేదు. కానీ మ్యూజియంలో పెట్టిన ప్రేమకు ఒక సుఖం ఉంది. గాజు అవతల ఉన్నవాడు అద్దె ఇల్లు అడగడు. ఉద్యోగంలో వాటా అడగడు. అమ్మాయిని చేసుకుంటాననడు. మన దగ్గర కూడా చార్మినారును ప్రేమించేవాళ్ళు, బిర్యానీని, గజల్‌ని, అత్తరును ప్రేమించేవాళ్ళు చాలామంది ఉన్నారు. సెక్యులర్ మిత్రులు కూడా ఉన్నారు వాళ్ళలో. పీర్ల పండుగ గురించి ఎంతో చక్కగా రాస్తారు. వాళ్ళ వీధిలో ఇల్లు ఖాళీ ఉందని తెలిసి మేము అడిగితే మాత్రం, ఓనరు ఒప్పుకోడండీ అంటారు.

మెర్తోలానుంచి మేము నేర్చుకున్నది రెండు సంగతులు. రెండూ కలిపి చెప్పాలి, ఒకటి చెప్పి ఒకటి దాచకూడదు.

మొదటిది మీకు. ఎక్కణ్ణించి వచ్చారని మమ్మల్ని అడక్కండి. మా ముత్తాత మీ ముత్తాత పక్కింట్లోనే ఉన్నాడు. బహుశా మీ ముత్తాత ఎక్కనివ్వని అరుగు ఒకటుండేది. మా ముత్తాత ఆ అరుగు అక్కర్లేని వరసలోకి పోయి నిలబడ్డాడు. అది పరాయితనం కాదు, ఈ నేల మీద జరిగిన ఒక నిర్ణయం. ఇదే మాట మా ఉర్దూ అన్నలకు కూడా. మాకు అరబ్బు వంశవృక్షం లేదు, వద్దు. తెలుగులో దువా చేస్తే అల్లాకు అర్థం కాదని మేము అనుకోం.

రెండోది మాకు. ఈ నేలవాళ్ళమని రుజువు చేసుకుంటేనే మాకు హక్కు వస్తుందనే వాదంలో పడిపోకూడదు. అందులో పడితే ఒదెమీరా తోటలో బంగ్లాదేశ్ కూలీని మేము వదిలేసినట్టే. నిన్న వచ్చినవాడు కూడా మనిషే. వెయ్యేళ్ళ పొర కింద ఉన్నవాడికే గౌరవం అంటే, బతికున్నవాళ్ళందరూ చచ్చేదాకా ఆగాలి.

మెర్తోలాలో ఇప్పుడొక వింత జరుగుతోంది. గ్వాదియానా లోయలో అంతరించిపోయిన ఐబీరియా అడవిపిల్లిని, లింక్స్ అంటారు దాన్ని, 2014 చివరినుంచి మళ్ళీ తెచ్చి వదులుతున్నారు. అవి పిల్లల్ని పెట్టాయి, ఆ కొండల్లో తిరుగుతున్నాయి. ఒకప్పుడు పోగొట్టుకున్న ప్రాణాన్ని వెతికి తెచ్చుకుని, తిరగడానికి చోటిచ్చి, అడ్డొచ్చినా సర్దుకుని బతుకుతున్నారు. జంతువు విషయంలో సాధ్యమైంది ఇది.

మాకు విగ్రహం వద్దు. గుర్రం అసలే వద్దు. గోడలో మా గూడు ఉంటే దాన్ని పూడ్చకండి, అది చాలు. దాని ముందు నిలబడే మనుషులం ఇంకా ఇక్కడే ఉన్నాం. ఇల్లు అద్దెకడుగుతున్నాం.